ఒక్క కిడ్నీ కోసం ఒళ్లంతా చూశారు

మా తమ్ముడికి కిడ్నీ ఇస్తానని చెప్పాక నాకు చేసిన పరీక్షల్లో నేరుగా కిడ్నీకి సంబంధించినవి తక్కువే. గుండె చూశారు, ఊపిరితిత్తులు చూశారు, లివర్, షుగర్, బీపీ, రక్తం, రోగనిరోధక శక్తి, ఆఖరికి నా మనసులో ఏముందో కూడా విడిగా కూర్చోబెట్టి అడిగారు. ఒక అవయవం తీయడానికి ఇన్ని అవయవాల్ని ఎందుకు గాలిస్తున్నారో మొదట్లో అర్థం కాలేదు. అందుకని ప్రతి పరీక్ష దగ్గరా అడుగుతూ పోయాను. చాలామంది విసుక్కోకుండా చెప్పారు. కిడ్నీ ఇవ్వాలని ఆలోచిస్తున్న వాళ్లకీ, ఇంట్లో డయాలసిస్ పేషెంట్ ఉన్నవాళ్లకీ, అసలు మన ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాలనుకునే వాళ్లకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు మా తమ్ముడి సంగతి చెప్పాలి. కిడ్నీ ఏమేం చేస్తుందో నాకు తెలిసింది వాడి రిపోర్టుల వల్లే. మూత్రం తయారుచేయడమే దాని పని అనుకుంటాం కదా. వాడికేమో నాలుగు మెట్లెక్కితే ఆయాసం, హిమోగ్లోబిన్ 8 దగ్గరే ఆగిపోయేది. ఎన్ని మాత్రలు మార్చినా బీపీ దిగేది కాదు. ఎముకల నొప్పులు, రాత్రంతా ఒళ్లు దురద. ఇవన్నీ వేరువేరు జబ్బులనే అనుకున్నాం. అన్నిటికీ మూలం ఒక్కటేనని డాక్టర్ గారు చెప్పాక గానీ తెలియలేదు.

రక్తంలో ఆక్సిజన్ తగ్గితే పసిగట్టేది కిడ్నీ. పసిగట్టి ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్ వదులుతుంది. అది వెళ్లి ఎముక మూలుగ చేత ఎర్రకణాలు తయారుచేయిస్తుంది. కిడ్నీ పాడైతే ఆ కబురు అందదు. మూలుగ బాగానే ఉన్నా ఒంటికి రక్తం పట్టదు. అలాగే రక్తపోటు పడిపోయినప్పుడు రెనిన్ వదిలి దాన్ని నిలబెట్టేదీ కిడ్నీయే. దెబ్బతిన్న కిడ్నీ అవసరం ఉన్నా లేకపోయినా రెనిన్ వదులుతూ ఉంటుంది, పైగా ఉప్పూ నీళ్లూ ఒంట్లోనే నిలిచిపోతాయి, దాంతో బీపీ ఎక్కుతుంది. ఇక విటమిన్ డి. చర్మంలో పుట్టి, లివర్‌లో ఒక మార్పు చెంది, కిడ్నీలో రెండో మార్పు జరిగాకే అది పనిలోకి దిగుతుంది. ఆ ఆఖరి మార్పు ఆగిపోతే పేగులు కాల్షియంను సరిగ్గా పీల్చుకోలేవు. రక్తంలో కాల్షియం పడిపోకుండా చూసుకునే బాధ్యత మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులది. వేరే దారి లేక అవి ఎముకల్లోంచి లాగుతాయి. వాడి ఎముకల నొప్పి అక్కడిది.

డయాలసిస్ మెషిన్ వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు రక్తాన్ని కడుగుతుంది, ఎక్కువైన నీటిని లాగేస్తుంది. హార్మోన్లు మాత్రం అది తయారుచేయలేదు. అందుకే వాడికి ఎరిత్రోపొయిటిన్ ఇంజక్షన్లు, విటమిన్ డి మాత్రలు విడిగా ఇచ్చేవాళ్లు. రాత్రీ పగలూ ఆగకుండా జరగాల్సిన పనిని వారానికి పన్నెండు గంటల్లో పూర్తిచేయిస్తే శరీరానికి ఎంత అలసటో, డయాలసిస్ నుంచి ఇంటికొచ్చిన వాడి మొహంలో కనిపించేది.

నా బ్లడ్ గ్రూపూ వాడి గ్రూపూ ఒకటే కావడంతో మొదటి గండం గడిచింది. తర్వాత హెచ్‌ఎల్‌ఏ టైపింగ్. మన ఒంట్లో ఎర్రకణాలు తప్ప దాదాపు ప్రతి కణం మీదా 'ఇది నాది' అని చెప్పే గుర్తులుంటాయి. వాటిని నిర్ణయించే జన్యువులు 6వ క్రోమోజోమ్ మీద ఒకేచోట గుంపుగా ఉంటాయి. అమ్మ నుంచి ఒక గుంపు, నాన్న నుంచి ఒక గుంపు వస్తుంది. అందుకని సొంత తోబుట్టువుల మధ్య పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం, సగం కలిసే అవకాశం 50 శాతం, అసలు కలవకపోయే అవకాశం 25 శాతం. మాకు సగం కలిసింది. ఇప్పుడున్న మందులతో సగం కలిసినా ఇబ్బంది లేదన్నారు.

అసలు టెన్షన్ క్రాస్‌మ్యాచ్ దగ్గర. నా తెల్లకణాల్ని, వాడి రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవమైన సీరమ్‌తో కలిపి చూస్తారు. వాడి రక్తంలో నా గుర్తుల మీద ముందే యాంటీబాడీలు తయారై ఉంటే, పెట్టిన కిడ్నీని శరీరం గంటల్లోనే పాడుచేయగలదు. ఇంతకుముందు ఎవరి రక్తమైనా ఎక్కించినా, ముందొకసారి అవయవ మార్పిడి జరిగినా, ఆడవాళ్లకైతే గర్భం వచ్చినా అలాంటి యాంటీబాడీలు పుట్టొచ్చు. వాడికి మొదట్లో రక్తం ఎక్కించారు. అందుకే ఆ రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. నెగటివ్ అని వచ్చింది. నెగటివ్ అనే మాట కోసం అంతగా ఎదురుచూడటం నా జీవితంలో అదే.

మనకు మేలు చేసే రోగనిరోధక వ్యవస్థే ఇక్కడ అడ్డం పడుతుంది. రొమ్ము ఎముక వెనకాల థైమస్ అనే గ్రంథి ఉంటుంది. చిన్నతనంలో చురుగ్గా పనిచేసి, పెద్దయ్యేకొద్దీ కుంచించుకుపోతుంది. టీ కణాలు అనే తెల్లకణాలు అక్కడే తర్ఫీదు పొందుతాయి. సొంత కణాల మీదకు వెళ్లేవాటిని అది అక్కడే తీసేస్తుంది. మిగిలినవి బయటికొచ్చి, సొంతం కానిదాన్ని వెతుక్కుంటూ తిరుగుతాయి. వాటి లెక్కలో మా తమ్ముడి ఒంట్లో పెట్టే నా కిడ్నీ కూడా పరాయిదే. 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ మర్రే బృందం చేసిన మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి అచ్చంగా ఒకేలా పుట్టిన కవలల మధ్య జరగడానికి కారణం ఇదే. వాళ్లిద్దరి గుర్తులూ ఒక్కటే కాబట్టి శరీరం తిరగబడలేదు. కిడ్నీ తీసుకున్న రిచర్డ్ హెరిక్ ఎనిమిదేళ్లు బతికాడు. ఇచ్చిన రోనాల్డ్ 2010 దాకా, 79 ఏళ్ల వయసు వరకు ఉన్నాడు. ఆ రెండో సంగతి నాకు ఎంత ధైర్యాన్నిచ్చిందో మాటల్లో చెప్పలేను. మర్రేకి 1990లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ తర్వాత నా కిడ్నీల వంతు. పెద్ద ప్లాస్టిక్ క్యాన్ ఇచ్చి 24 గంటల మూత్రం పట్టమన్నారు. పొద్దున లేచాక మొదటిసారి వెళ్లినది పారబోసి టైమ్ రాసుకోవాలి. అక్కడి నుంచి మర్నాడు అదే టైమ్‌కి వెళ్లేదాకా ప్రతి చుక్కా అందులోకే. వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, ఒక్కసారి మర్చిపోయినా లెక్క మొత్తం తప్పుతుంది. దాంట్లో క్రియాటినిన్ ఎంతుందో, రక్తంలో ఎంతుందో పోల్చి, కిడ్నీలు నిమిషానికి ఎంత వడకడుతున్నాయో అంచనా వేస్తారు. క్రియాటినిన్ అనేది కండరాలు పనిచేసేటప్పుడు పుట్టే వ్యర్థం. రోజూ దాదాపు ఒకే మోతాదులో పుడుతుంది, శరీరానికి ఎందుకూ పనికిరాదు, కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది. అందుకే కొలమానంగా వాడుకుంటారు. అయితే రక్తంలో క్రియాటినిన్ మామూలుగా ఉందంటే కిడ్నీలు పూర్తిగా బాగున్నాయని కాదు. సగం సామర్థ్యం పోయేదాకా కూడా ఆ అంకె పెద్దగా కదలకపోవచ్చు. మా తమ్ముడి విషయంలో జరిగింది సరిగ్గా అదే.

ఒక్కో కిడ్నీ 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు, సుమారు 150 గ్రాముల బరువు. ఒక్కోదాంట్లో సుమారు పది లక్షల నెఫ్రాన్లు, అంటే చిన్న చిన్న వడపోత భాగాలు. నెఫ్రాన్ మొదట్లో సన్నటి రక్తనాళాల ఉండ ఒకటి ఉంటుంది, దాన్ని గ్లోమెరులస్ అంటారు. రక్తం ఒత్తిడితో అందులోకి వచ్చినప్పుడు నీళ్లు, లవణాలు, గ్లూకోజ్, యూరియా లాంటి చిన్నవన్నీ అవతలికి జారిపోతాయి. రక్తకణాలు, పెద్ద ప్రోటీన్లు ఇవతలే ఉండిపోతాయి. రెండు కిడ్నీలూ కలిసి నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్లు, రోజుకు 180 లీటర్లు ఇలా వడకడతాయి. కణాలు పోగా రక్తంలో మిగిలే ద్రవం, అంటే ప్లాస్మా, అంతా కలిపితే మూడు లీటర్లే. అంటే అదే ప్లాస్మా రోజుకు అరవై సార్లు ఆ వడపోత గుండా వెళ్తుంది.

మనం విసర్జించేది మాత్రం లీటరున్నర, రెండు లీటర్లు. మిగతా 99 శాతం ఏమైందంటే, నెఫ్రాన్ తర్వాతి భాగమైన సన్నటి గొట్టంలో తిరిగి రక్తంలోకి వెళ్లిపోతుంది. ఇంట్లో సామానంతా వాకిట్లో పెట్టేసి, కావాల్సినవి మాత్రమే మళ్లీ లోపలికి తెచ్చుకున్నట్టు ఉంటుంది దాని పద్ధతి. ఏది చెడో వెతికి పట్టుకునే అవసరం కిడ్నీకి చాలావరకు లేదు. ఏది మంచిదో తెలిస్తే చాలు, కొత్తగా ఏ మందు మింగినా, ఏ రసాయనం ఒంట్లోకి వచ్చినా వెనక్కి తీసుకోకపోతే అదే పోతుంది. నాకు ఈ విషయం తెలిసిన రోజున నిజంగా ఆశ్చర్యమేసింది. గ్లూకోజ్ మామూలుగా మొత్తం వెనక్కి వచ్చేస్తుంది. నీళ్లు ఎంత వెనక్కి తీసుకోవాలో మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ నుంచి వచ్చే హార్మోన్ చెబుతుంది. నీళ్లు తక్కువ తాగిన రోజు మూత్రం చిక్కబడేది దానివల్లే.

ఇంతటి సున్నితమైన వడపోతను నిదానంగా పాడుచేసేవి రెండు: షుగర్, బీపీ. డయాలసిస్ దాకా వెళ్లేవాళ్లలో ఎక్కువమందిని తెచ్చేవి ఇవే. అందుకే దాతను ఈ రెండింటి విషయంలో అంత గట్టిగా పరీక్షిస్తారు. పరగడుపున రక్తం తీసి, 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి, రెండు గంటలయ్యాక మళ్లీ తీశారు. 140 లోపు ఉండాలి. గ్లూకోజ్ రక్తంలోకి చేరగానే పాంక్రియాస్ ఇన్సులిన్ వదలాలి, కండరాలూ లివరూ కొవ్వు కణాలూ దాన్ని లోపలికి తీసుకోవాలి. ఇందులో ఎవరు మందగించినా రెండు గంటల అంకె పట్టిస్తుంది. పరగడుపు అంకె ఒక్కటే చూస్తే బయటపడని లోపం ఇలా దొరుకుతుంది. బీపీకి చేతికి పట్టీ కట్టి ఒక రోజంతా ఇంటికి పంపారు. రాత్రి నిద్రలో కూడా అది బిగుసుకుని కొలుస్తూనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు నిద్రలో బీపీ పదో ఇరవయ్యో శాతం దిగాలట. దిగకపోతే నాళాల మీద భారం ఉన్నట్టు లెక్క.

గుండె పరీక్షల్లో ఈసీజీ క్షణాల్లో అయిపోయింది. ఎకో, అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కానింగ్, మాత్రం ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. చీకటి గదిలో ఎడమ పక్కకు తిరిగి పడుకోమన్నారు. ఛాతీ మీద చల్లటి జెల్ రాసి, టెక్నీషియన్ ప్రోబ్‌ని పక్కటెముకల మధ్య ఆనించి నెమ్మదిగా వంచగానే తెర మీద నాలుగు గదులూ వచ్చాయి. గుండెలో పైన ఉండేవి రెండు కర్ణికలు, కింద ఉండేవి రెండు జఠరికలు. ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య రెండు పలచటి రేకులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. కాసేపు చూశాక అవి ప్రతి స్పందనలోనూ రెండుసార్లు తెరుచుకుంటున్నట్టు గమనించాను. "ఏదైనా తేడానా అండీ?" అని భయంగా అడిగాను. "లేదమ్మా, అలాగే ఉండాలి" అన్నాడాయన. మొదటిసారి జఠరిక వదులవగానే రక్తం దానంతటదే దిగుతుంది. కొద్ది సేపటికి కర్ణిక ముడుచుకుని మిగిలిన కాస్తా తోస్తుంది, అప్పుడు రేకులు మళ్లీ విచ్చుకుంటాయి. కర్ణిక, జఠరిక రెండూ ఒకేసారి ముడుచుకుంటే లాభం లేదు కాబట్టి, విద్యుత్ సంకేతం మధ్యలో ఒక చోట సెకనులో పదో వంతు ఆగి దిగుతుంది. ఈసీజీలో కనిపించే చిన్న ఎత్తుకూ పెద్ద ఎత్తుకూ మధ్య ఖాళీ అదేనట.

నిండిన జఠరికలోని రక్తంలో ఎంత శాతం ఒక స్పందనలో బయటికి వెళ్తుందో లెక్కకట్టారు. 55 పైన ఉంటే మంచిది, నాకు 62 వచ్చింది. స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి అయిదు లీటర్లు. ఆ అయిదు లీటర్లలో అయిదో వంతు పైగా, అంటే నిమిషానికో లీటరు, నేరుగా కిడ్నీలకే వెళ్తుంది. రెండూ కలిపి మూడు వందల గ్రాముల అవయవాలకు అంత వాటా! గుండె బలంగా కొట్టకపోతే వడపోతకు ఒత్తిడి చాలదు. అటువైపు నుంచి చూస్తే, ఒంట్లో నీరెక్కువై కర్ణికల గోడలు సాగితే గుండె కూడా ఒక హార్మోన్ వదులుతుంది. ఉప్పూ నీళ్లూ బయటికి పంపేయమని అది కిడ్నీకి చెబుతుంది. గుండె పరీక్ష లేకుండా కిడ్నీ తీయరని అప్పుడు తెలిసింది.

ఊపిరితిత్తుల పరీక్షలో ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టంలోకి బలంగా ఊదమన్నారు. "ఇంకా, ఇంకా, ఇంకా" అని పక్కన నిలబడి అరుస్తారు. ఊదిన గాలి మొత్తం ఎంత, అందులో మొదటి సెకనులో వచ్చింది ఎంత అని చూస్తారు. ఎంత ఊదినా లోపల లీటరు పైన గాలి మిగిలే ఉంటుంది, లేకపోతే గాలి గదులు మూసుకుపోతాయి. మత్తు మందు తట్టుకోవడానికి ఈ పరీక్ష అవసరం అన్నారు. కిడ్నీకీ ఊపిరితిత్తులకూ ఇంకా దగ్గరి సంబంధం ఉంది. రక్తంలో ఆమ్లం పెరిగితే ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ని ఎక్కువగా వదిలి నిమిషాల్లో సర్దుతాయి. కిడ్నీ గంటలు, రోజులు తీసుకుని మిగతా ఆమ్లాల్ని మూత్రంలో పంపుతుంది. ఇందాక చెప్పిన రెనిన్ కూడా ఒంటరిగా ఏమీ చేయలేదు. లివర్ తయారుచేసిన ప్రోటీన్‌ని అది కోస్తుంది. వచ్చిన ముక్కను ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఎక్కువగా ఉండే ఎంజైమ్ ఇంకోసారి కోస్తుంది. అప్పుడుగానీ రక్తనాళాల్ని బిగించే పదార్థం తయారుకాదు. ఒక్క బీపీని నిలబెట్టడానికి ఇన్ని అవయవాలు చేయి వేస్తాయి.

లివర్ గురించి ఎక్కువ చెప్పను. రక్తపరీక్ష, స్కానింగ్, అంతే. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ప్రోటీన్ల అరుగుదలలో పుట్టే అమోనియా మెదడుకు విషం. లివర్ దాన్ని యూరియాగా మార్చకపోతే కిడ్నీ ఎంత బాగున్నా ఉపయోగం లేదు.

ఏ కిడ్నీ తీయాలో తేల్చింది రెండు స్కాన్‌లు. రేడియోధార్మిక పదార్థం కొద్దిగా ఎక్కించి చేసే స్కాన్‌లో రెండు కిడ్నీల్లో ఏది ఎంత పనిచేస్తోందో విడివిడిగా తెలుస్తుంది. ఒకదాని పని స్పష్టంగా మెరుగ్గా ఉంటే ఆ మంచిదాన్ని దాతకే ఉంచుతారు. ఈ నియమం ప్రతి దాతా తెలుసుకోవాలి. నాకు రెండూ ఇంచుమించు సమానం. రక్తనాళాల్ని చూపించే సీటీ యాంజియోలో రంగు మందు ఎక్కించగానే గొంతు నుంచి కింది దాకా వేడి పాకింది, నోట్లో లోహపు రుచి, బట్టలు తడిసిపోయాయేమో అనిపించింది. ముందే చెప్పారు కాబట్టి కంగారుపడలేదు. కిడ్నీకి ఒక ధమనే ఉండాలని లేదు, నలుగురిలో ఒకరికి సుమారుగా అదనపు ధమని ఉంటుంది. నాకు కుడివైపు రెండు, ఎడమవైపు ఒకటి. గుండెకు రక్తాన్ని తిరిగి తీసుకెళ్లే మహాసిర వెన్నెముకకు కుడిపక్కగా ఉండటం వల్ల ఎడమ కిడ్నీ సిర బాగా పొడవుగా ఉంటుంది. కుట్టడానికి సర్జన్‌కు వీలు. ఎడమదే ఖాయం చేశారు.

మా వాళ్లెవరూ లేకుండా నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి మాట్లాడిన రోజు గురించి కూడా చెప్పాలి. ఎవరైనా బలవంతపెడుతున్నారా, డబ్బు ఆశ ఏమైనా ఉందా, వద్దనిపిస్తే ఇప్పుడైనా చెప్పొచ్చు, కారణం ఎవరికీ చెప్పం అన్నారు. నాకు వెనక్కి తగ్గాలని లేదు. అయినా ఆ తలుపు తెరిచి ఉంచడం చాలా గొప్ప పద్ధతి. కుటుంబంలో ఎవరైనా ఇవ్వడానికి భయపడితే వాళ్లను దోషిలా చూడకూడదని నా గట్టి అభిప్రాయం.

ఆపరేషన్ రోజు మత్తు ఇచ్చే డాక్టర్ గారు కండరాలన్నీ వదులు చేసే మందు ఇస్తామని, అప్పుడు ఊపిరి మెషిన్ తీసుకుంటుందని చెప్పారు. గుండె ఆగదా అని అడిగాను. ఊపిరి తీసే కండరాలకు ప్రతిసారీ మెదడు నుంచి నరాల ద్వారా ఆజ్ఞ రావాలి, గుండెకు మాత్రం తనలోనే సంకేతం పుట్టే కణాలున్నాయి, ఆ మందు దాన్ని తాకదు అన్నారు. తర్వాత నాకేం గుర్తులేదు. కీహోల్ పద్ధతిలో చేశారు. కిడ్నీ దాత దగ్గర ఇలా తీయడం 1995లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో మొదలైందట. అంతకుముందు పక్కలో పొడవుగా కోయాల్సి వచ్చేది. ఇప్పుడు పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి, చిన్న రంధ్రాల గుండా పనిముట్లు పంపి, పొత్తికడుపు దగ్గర పెట్టిన చిన్న కోతలోంచి కిడ్నీని బయటికి తీస్తారు.

మెలకువ వచ్చాక కోత కంటే ఎక్కువ బాధపెట్టింది కుడి భుజం. ఎవరూ ముట్టుకోని భుజం! నర్సును అడిగితే గ్యాస్ వల్ల అంది. నాకు నమ్మకం కుదరలేదు, రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్ గారిని అడిగాను. పిండం దశలో డయాఫ్రం మెడ దగ్గర రూపుదిద్దుకుని కిందికి దిగుతుంది, దిగేటప్పుడు తన నరాన్ని వెంట తెచ్చుకుంటుంది. అందుకే ఊపిరి తీసే ఆ కండరం ఛాతీ అడుగున ఉన్నా, దాని నరం మెడలోని 3, 4, 5 నాడుల నుంచి వస్తుంది. భుజం చర్మానికి వెళ్లే నరాల మూలం కూడా అక్కడే. మిగిలిపోయిన గ్యాస్ డయాఫ్రంను ఇబ్బందిపెడితే మెదడు దాన్ని భుజం నొప్పిగా చదువుకుంటుంది. నొప్పి తగ్గలేదు గానీ భయం పోయింది. ఆ గ్యాస్ రక్తంలో కరిగి ఊపిరిలో బయటికి పోతుంది, రెండు మూడు రోజుల్లో సర్దుకుంది.

ఆ రోజుల్లో అందరూ అడిగే ప్రశ్న ఒకటే, "గ్యాస్ పోయిందా?" అని. పొట్ట మీద ఆపరేషన్ జరిగితే పేగులు కొంతకాలం కదలడం మానేస్తాయి. పేగు గోడల్లో కోట్లకొద్దీ నాడీకణాలతో సొంత వ్యవస్థ ఉంది, మెదడు చెప్పకపోయినా అది పని నడుపుకోగలదు, కాని కాస్త సమయం కావాలి. చిన్నపేగు ముందు మేలుకుంటుంది, పెద్దపేగు అన్నిటికన్నా ఆలస్యంగా. నడిస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉంటుందని, ఊపిరితిత్తుల అడుగు భాగాలు విచ్చుకుంటాయని మర్నాడే లేపి నడిపించారు. నా సలహా కూడా అదే: లేవమంటే లేవండి, మొదటి పది అడుగులే కష్టం.

వాడి ఆపరేషన్ థియేటర్‌లో జరిగింది తర్వాత చెప్పారు. పాత కిడ్నీల్ని తీయలేదు, సాధారణంగా తీయరు. నాది వాడి కుడి పొత్తికడుపులో, తొడ వైపు వెళ్లే పెద్ద రక్తనాళాలకు కలిపి పెట్టారు. మూత్రాశయం అక్కడికి దగ్గర. చల్లటి ద్రవంతో కడిగి ఉంచడం వల్ల పాలిపోయిన కిడ్నీ, క్లిప్పులు వదలగానే గులాబీ రంగుకు తిరిగిందట. మూత్రనాళం చివర కుట్టక ముందే దాంట్లోంచి మూత్రం కారడం మొదలైందన్నారు. దానికి నరాలు కలపలేదు, కలపరు కూడా. రక్తం అందితే చాలు, కిడ్నీ తన పని తాను మొదలుపెడుతుంది. మూత్రనాళం గోడల్లోని కండరాలు కూడా వాటంతటవే అలలుగా ముడుచుకుంటాయి, అందుకే మనం పడుకుని ఉన్నా మూత్రం మూత్రాశయానికి చేరుతుంది.

నా క్రియాటినిన్ మొదట పెరిగింది. ముందే హెచ్చరించారు, అయినా అంకె చూస్తే గుండె జారింది. తర్వాత నెమ్మదిగా దిగి, పాత అంకెకు కాస్త పైన నిలబడింది. కొత్త నెఫ్రాన్లు పుట్టవు. ఉన్నవే ఉబ్బి, ఒక్కోటి ఎక్కువ వడకట్టడం నేర్చుకుంటాయి. ఇప్పుడు గుండె నుంచి వచ్చే వాటాలో పెద్ద భాగం ఆ ఒక్కదానికే వెళ్తుంది. సగం పోయింది కాబట్టి సగమే మిగులుతుందనుకుంటాం. చాలామంది దాతల్లో కొన్ని నెలలకు మొత్తం వడపోత, రెండు కిడ్నీలున్నప్పటి దాంట్లో 60 నుంచి 70 శాతానికి చేరుతుంది. స్కానింగ్‌లో నా కుడి కిడ్నీ కొలత కూడా పెరిగింది.

వాడికి హిమోగ్లోబిన్ పెరుగుతూ 13కి చేరింది, ఇంజక్షన్ లేకుండా. నా ఒంట్లో ఉండగా నా మూలుగకు కబురు పంపిన కిడ్నీయే ఇప్పుడు వాడి మూలుగకు పంపుతోంది. టీ కణాల్ని అణచి ఉంచే మందులు మాత్రం ఆ కిడ్నీ పనిచేసినంత కాలం, రోజూ అదే టైమ్‌కి వేసుకోవాలి. మానేస్తే ఎన్నేళ్లకైనా శరీరం దాన్ని పరాయిదిగా గుర్తుపడుతుంది. ఆ మందుల వల్ల ఇన్ఫెక్షన్ల భయం ఉంటుంది, జ్వరం వస్తే వాడు ఇంట్లో మాత్ర వేసుకుని ఊరుకోడు, వెంటనే ఫోన్ చేస్తాడు.

నాకు రోజూ మందులేం లేవు. ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూపించుకుంటాను. ప్రోటీన్ కనిపించడం మొదలైతే వడపోత మీద భారం పడుతోందని అర్థం, అందుకే ఆ చిన్న పరీక్షను వదలను. ఒళ్లు నొప్పులకు ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వేసుకోను. గ్లోమెరులస్‌లోకి రక్తం తెచ్చే సన్నటి నాళాన్ని తెరిచి ఉంచే పదార్థాల్ని అవి అడ్డుకుంటాయి, ముఖ్యంగా ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు. అవసరమైతే పారాసెటమాల్ వేసుకుంటాను. పన్ను నొప్పికి వెళ్లినా, స్కాన్‌కి రంగు మందు ఎక్కించాలన్నా, ఏ డాక్టర్‌కైనా కూర్చోగానే చెప్పే మొదటి మాట, నాకు ఒక్కటే కిడ్నీ ఉందని.